తొమ్మిదో నగారా

ఆ దేశంలో తొమ్మిది నగారాలున్నాయి. వాటిలో ఎనిమిదంటే పిట్టలకు భయం పోయింది.

దేశమంతా జొన్నచేలే. కంకి పాలుపట్టే నెల రోజులూ కొండల మీంచి పిట్టలు దిగుతాయి. ఒకటీ అరా కాదు, మబ్బు దిగినట్టు దిగుతాయి. ఆ నెల గట్టెక్కితే గింజ గట్టిపడుతుంది, ఇక పిట్ట ముక్కుకు లొంగదు. గట్టెక్కకపోతే ఆ ఏడాది నలభై ఊళ్ళలో పొయ్యి వెలగదు.

మొదటి నగారా చేసినవాడెవడో మహానుభావుడు. దాని గొంతు వింటే చాలు, పిట్టలు కొండల అవతలికి పోయేవి. జనం ఎంత మురిసిపోయారంటే, అదే గొంతుతో ఇంటికో పిల్ల నగారా చేయించుకున్నారు. పెళ్ళికి కొట్టారు, పేరంటానికి కొట్టారు. జలుబు చేస్తే కొట్టారు. పిల్లాడు అన్నం తినకపోతే కొట్టారు. నగారానే లెండి, పిల్లాణ్ణి కాదు. కోళ్ళు పెంచే ఆసామీ ఒకాయన, నగారా వింటే కోళ్ళు బలుస్తాయని కనిపెట్టి, పొద్దునా సాయంత్రం దొడ్లో మోగించాడు. కోళ్ళు నిజంగానే బలిశాయి. దొడ్డిగోడ మీద కూర్చుని విన్న పిట్టలకు మాత్రం ఒళ్ళు కాదు, గుండె బలిసింది.

అలా మొదటి నగారా ఉత్త చప్పుడైపోయింది. రెండోది చేశారు. దానికీ పెళ్ళిళ్ళు, జలుబులు, కోళ్ళు తప్పలేదు. అలా ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది చేసిన ముసలాయన దాన్ని కంబళిలో చుట్టి, కోటలో దాచి, కొత్త గొంతు పుట్టించే విద్య ఎవరికీ నేర్పకుండానే కన్నుమూశాడు. ఆ తరవాత కొత్త నగారా జోలికి ఎవరూ పోలేదు. వాయించకుండా దాచుకోవాల్సిన నగారా చెయ్యాలంటే ఎవరికి మాత్రం సరదా?

ఆ దేశంలోనే ఒకావిడ ఉంది. నలభై ఏళ్ళుగా మంచె మీద ఉంది. నగారా మోగగానే అందరూ ఎగిరిపోయే పిట్టల్ని చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆవిడ ఎగరని పిట్టల్ని లెక్కపెట్టేది. మొదట్లో వేయింటికి ఒక్కటి. మరుసటేడు వేయింటికి పది. ఆ పైయేడు ఆవిడకు వేళ్ళు చాలక గోరుతో మంచె గుంజ మీద గీతలు గీసింది.

ఎగరని పిట్ట ఏం చేస్తుందో ఆవిడకు క్షుణ్ణంగా తెలుసు. కంకి కింద మెడ ముడుచుకుంటుంది. చప్పుడు ఆగేదాకా ఓపిక పడుతుంది. ఆగాక అటూ ఇటూ చూస్తుంది. తనకేమీ కాలేదని గ్రహిస్తుంది. అప్పుడు తాపీగా తింటుంది. సాయంత్రం గూటికి పోయి ఆ సంగతి పక్క కొమ్మ వాళ్ళకు చెబుతుంది. తన జాతి కాని పిట్టలకు కూడా చెబుతుంది. పిట్టలకు అలాంటి పట్టింపులు లేవు.

ఇది తెలిశాక ఆవిడ ఊరుకోలేకపోయింది. పెళ్ళికి కొట్టొద్దంది. కోళ్ళకు కొట్టొద్దంది. మొదలుపెడితే మధ్యలో ఆపొద్దంది. నలభై ఏళ్ళు అదే పాట. జనం ఆవిడ అసలు పేరు మరిచిపోయి వద్దమ్మ అని పిలవడం మొదలుపెట్టారు.

"వద్దమ్మా, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చా?" అని అడిగేవాడు కోళ్ళాయన, దారిలో కనిపించినప్పుడల్లా.

"పీల్చుకో నాయనా, అది చప్పుడు చెయ్యదు," అనేది ఆవిడ, అడుగు ఆపకుండా.

ఒక ఏడు పిట్టలు దిగాయి. ఎనిమిది నగారాలూ మోగాయి. పిట్టలు తాళానికి తగ్గట్టు తలలూపుతూ తిన్నాయి. రాజు తల పట్టుకుని, అప్పుడు వద్దమ్మను పిలిపించాడు.

"తొమ్మిదోది తియ్యండి. మూడు రోజులు, తెల్లవారినప్పటినించి పొద్దుగూకేదాకా. ఒక్క ఘడియ తగ్గినా అసలు మొదలే పెట్టొద్దు," అందావిడ.

రెండో రోజు మధ్యాహ్నానికి చేలల్లో ఒక్క పిట్ట కనపడలేదు. వాయించేవాళ్ళ అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఇక చాలమ్మా, పోయాయి కదా!" అన్నాడు మంత్రి.

"పోయినవి మీకు కనపడుతున్నాయి మంత్రిగారూ. నక్కినవి కనపడవు. ఇప్పుడాపామా, ఏరి ఏరి మొండివాటినే మిగుల్చుకున్నట్టు."

"వీళ్ళ చేతులు చూడమ్మా!"

ఆవిడ చూసింది. చీరకొంగు నడుముకు బిగించి, కర్ర తనే అందుకుంది. మూడో రోజు పొద్దుగూకేదాకా కోట బురుజు మీద ఆ ముసలి చేతులే మోగించాయి. పంట నిలబడింది.

రాజు మంచివాడు. మంచివాళ్ళకు సంతోషమొస్తే ఆపడం కష్టం. వద్దమ్మకు సన్మానం చెయ్యాలన్నాడు.

ఇక్కడ ఆ దేశపు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. అక్కడ సన్మానమంటే శాలువా కాదు, చాటింపు. నగారా మోగకపోతే సన్మానం జరగనట్టే. గొప్పవాళ్ళకు గొప్ప నగారా. మోగాక సన్మానం పొందినవాళ్ళు సభలో పలికే మొదటి మాట శాసనమవుతుంది. రాసుకోవడానికి రాయసకాడు తాటాకు పట్టుకుని కాచుకునుంటాడు. వెనకటికో పండితుడు కంగారులో తుమ్మి, "అబ్బా" అన్నాడట. ఆ శాసనాన్ని ఎలా అమలు చెయ్యాలో ఇప్పటికీ తేలలేదు.

రాజుగారి చాటింపాయన ఆ కబురు మోసుకుని మంచె దగ్గరికొచ్చాడు. ఆవిడకు మరిది వరస. పనిలేని పూట కింద నిలబడి వేళాకోళం చేసిపోవడం ఆయనకు అలవాటు. గింజ గట్టిపడి నగారా ఆగింది కాబట్టి పిట్టలు ఒక్కొక్కటే వెనక్కొస్తున్నాయి. వాటిని ఆవిడ లెక్కపెడుతోంది.

"వదినా, దిగు! నీకు సన్మానమట!"

"ఉండు మరిదీ. రెండొందల పన్నెండు... పదమూడు... ఏమిటీ?"

"సన్మానం! రేపు పొద్దున కోటలో. మోగించేది నేనే. తొమ్మిదో నగారా!"

ఆవిడ లెక్క తప్పింది. నలభై ఏళ్ళలో అదే మొదటిసారి.

"ఎన్ని దెబ్బలు?"

"మూడు. ఆనవాయితీ."

"పిట్టలు?"

"ఎన్ననుకున్నావ్! కోట గోడ కనపడ్డం లేదు. నిన్ను చూడ్డానికే వచ్చాయేమో!"

ఆవిడ నవ్వలేదు. మూడు రోజులంటే పిట్టలకు ప్రయాణం. మూడు దెబ్బలంటే పిట్టలకు పాఠం. పని లేకుండా గోడ మీద కూర్చుని, మూడు దెబ్బలూ విని, తమకేమీ కాలేదని చూసుకుని ఎగిరిపోతాయి. వచ్చే ఏడు ఆ నగారా కూడా కోళ్ళకే పనికొస్తుంది.

మరిదికి ఆవిడ మొహం అర్థమైంది. గొంతు తగ్గించాడు. "ఒప్పుకో వదినా. నలభై ఏళ్ళు అరిచావు, ఎవరు విన్నారు? ఈ మూడు దెబ్బలూ కానీ. తరవాత నీ మాటే శాసనం. ఎవడూ నగారా ముట్టకూడదను, ముట్టరు."

"మూడు దెబ్బల తరవాత ముట్టినా ముట్టకపోయినా ఒకటే కదయ్యా!"

"మరి మూడు దెబ్బలు లేకపోతే శాసనమే లేదు కదే!"

ఆవిడ మంచె దిగింది. ఆ మాట నిజమే. అదే ఆవిడకు గుచ్చుకుంది.

మర్నాడు సభ కిటకిటలాడింది. నడిమధ్య తొమ్మిదో నగారా, దానికి బంతిపూల దండలు. నగారాకు దండ వేస్తే ఎవరికి సన్మానమో తెలియకుండా పోయింది. బయట గోడ నిండా పిట్టలు.

మంత్రి లేచి గొంతు సవరించుకున్నాడు. "ఈ మహాతల్లి పేరు శాశ్వతంగా నిలిచేట్టు ప్రభువులు ఒక వరమిస్తున్నారు. ఈ నగారా గొంతుతోనే ఊరికో పిల్ల నగారా! దాని పేరు వద్దమ్మ నగారా! పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఇక మారుమోగేది వద్దమ్మే!"

సభ చప్పట్లతో ఊగిపోయింది.

చాటింపాయన కర్ర ఎత్తాడు. వదిన వైపు చూశాడు. ఆవిడ గోడ వైపు చూసింది. వేయి పిట్టలు, వేయి మెడలు, అన్నీ ఇటే తిరిగి ఉన్నాయి.

"వద్దు," అందావిడ.

అరవలేదు. ఆ మాటను నలభై ఏళ్ళు అరిచి చూసింది కాబట్టి ఈసారి మామూలుగానే అంది. సభంతా వినపడింది.

రాయసకాడికి పని మీద శ్రద్ధ ఎక్కువ. పాపం, అప్పటికే రాసేశాడు.

"చెరిపెయ్!" అన్నాడు మంత్రి. "ఇంకా మోగలేదు. సన్మానం కాలేదు. అది శాసనమెలా అవుతుంది?"

"శాసనం చెరిపితే చెయ్యి తీస్తారండీ," అన్నాడు రాయసకాడు, తాటాకు వీపు వెనక దాచుకుంటూ.

"అది శాసనం కాదయ్యా! మోగితేగాని శాసనం కాదు!"

"మోగొద్దనే కదండీ శాసనం?"

రాజు ఒకసారి మంత్రి వైపు, ఒకసారి తాటాకు వైపు చూశాడు. ఆయనకు కళ్ళు తిరిగాయి. "అమ్మా, సన్మానం నీకు ఇష్టం లేదా?" అని అడిగాడు, చిన్నబోయి.

"ఎందుకుండదు ప్రభూ? నలభై ఏళ్ళు మంచె మీద కూర్చున్నాను. ఎవరైనా ఒక్కరు పైకి తలెత్తి చూస్తే బాగుండునని నాకూ ఉండదా? కానీ ఇలా చాటితే వచ్చే ఏడు నా పేరు తలుచుకుని తిట్టడానికి కూడా జనానికి ఓపికుండదు. తిండుండదు."



చాటింపాయన కర్రను మెల్లిగా నేల మీద పెట్టాడు. "ప్రభూ, నేను చాటుతాను. నగారా ముట్టను. నలభై ఊళ్ళూ నడిచి నోటితో చెబుతాను."

"నోటి మాటను చాటింపంటే ఎవరొప్పుకుంటారు?" అన్నాడు మంత్రి.

రాజుకు దారి దొరికింది. "ఊళ్ళనే అడుగుదాం. నలభై ఊళ్ళ పెద్దలూ 'విన్నాం' అంటే సన్మానం జరిగినట్టు, ఆ మాట శాసనమైనట్టు. ఒక్క ఊరు వినలేదన్నా జరగనట్టు. మర్నాడే నగారా మోగిస్తాం, ఊరికో పిల్ల నగారా పంచుతాం."

వద్దమ్మ ఆ పూటే బయల్దేరింది, మరిది వెనక, పైట నెత్తి మీద కప్పుకుని.

మొదటి ఊళ్ళో చాటింపాయన రచ్చ దగ్గర నిలబడి, "వద్దమ్మకు సన్మానం జరిగిందహో!" అని కేకేశాడు. జనం ముక్కున వేలేసుకున్నారు.

"నగారా వినపడలేదేం?" అంది ఒకామె.

"అదేనమ్మా సన్మానం. వినపడలేదు కదా?"

"లేదు."

"శుభ్రంగా విన్నావన్నమాట!"

ఆమె నవ్వింది. నవ్వి, ఆలోచించింది. మొన్నటికి మొన్న ఎనిమిది నగారాలు మోగుతుంటే చేలో కూర్చుని ఏడ్చిన రోజు గుర్తొచ్చింది. ఊరి పెద్దను పిలుచుకొచ్చి విన్నామనిపించింది. కొన్ని ఊళ్ళు వెంటనే అన్నాయి. కొన్ని వాదించి అన్నాయి. ఒక ఊళ్ళో చాటింపాయన గొంతు పోతే వద్దమ్మే చెప్పాల్సొచ్చింది, తన సన్మానం గురించి తనే, సిగ్గుతో చస్తూ. కాళ్ళు పగిలాయి. ముప్ఫై తొమ్మిది ఊళ్ళు విన్నామన్నాయి.

నలభయ్యో ఊరికి పెద్ద కోళ్ళాయన.

దొడ్డివాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కొత్త పిల్ల నగారా. మొన్నటి మూడు రోజులూ చెవులు రిక్కించి విని, తొమ్మిదోదాని గొంతు పట్టేసి, రాజుగారి పంపకం దాకా ఆగలేక తనే చేయించుకున్నాడు. ఇంకా ఒక్క దెబ్బ వెయ్యలేదు. చేతిలో కర్ర ఉంది. గోడ మీద పిట్టలున్నాయి. ఊరంతా చుట్టూ మూగింది.

"వద్దమ్మకు సన్మానం జరిగిందహో," అన్నాడు చాటింపాయన. మిగిలిన గొంతు అంతే.

"ఏదీ, నేను వినలేదే!" అన్నాడు కోళ్ళాయన, ఊరి వైపు కన్నుగీటుతూ. "సన్మానమంటే పది ఊళ్ళకు దద్దరిల్లాలయ్యా. మీకు మోగించడం రాకపోతే చెప్పండి, నేను మోగిస్తా." కర్ర ఎత్తాడు.

వద్దమ్మ ముందుకొచ్చింది. కర్ర పట్టుకోలేదు. అతని పక్కన మట్టిలో చతికిలబడింది.

"మోగించు. నీ చెయ్యి నీ ఇష్టం," అంది. "ఒక్కటే అడుగుతా. నువ్వు కోళ్ళు పెట్టాక ఈ దొడ్లో ఎప్పుడైనా చప్పుడు ఆగిందా? కర్ర దించేముందు ఒక్కసారి విను. ముప్ఫై తొమ్మిది ఊళ్ళు విన్నది నువ్వూ విను. ఆ తరవాత వినలేదంటే వినలేదనే రాసుకుంటాం."

"వినడానికేముంది?"

"నాకేం తెలుసు? నీ దొడ్డి."

కోళ్ళాయన నవ్వుతూనే, కర్ర అలాగే ఎత్తి పట్టుకుని, చెవి ఒగ్గాడు. కోళ్ళు మట్టి గీరుతున్నాయి. కాసేపటికి అవీ ఆగాయి. అవతల చేలల్లో ఎండిన జొన్న ఆకు ఒకదానికొకటి రాసుకుంటోంది. గోడ మీద పిట్టలు, మోగుతుందనుకున్నది మోగక, ఒకదాని పక్కకొకటి జరిగాయి. ఒక పిట్ట రెక్క విప్పి, ముడుచుకుంది. మళ్ళీ విప్పింది.

కోళ్ళాయన మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

చాలాసేపైంది. వద్దమ్మ ఉండబట్టలేకపోయింది. "వినపడుతోందా నాయనా?" అంది.

అతను ఆవిడ వైపు తిరక్కుండానే, వేలు పెదవుల మీద పెట్టుకుని, "ష్..." అన్నాడు.