పన్నెండువందల యాభై డిగ్రీలు

పరాంకుశంగారికి వాదించే అలవాటు లేదు. శిష్యుడు ఏదైనా అడిగితే కండువా భుజాన వేసుకుని లేచేవారు. జవాబు ఎక్కడుంటే అక్కడికి నడిపించుకుపోయేవారు. గూడూరు దగ్గర ఆయన నడిపే జాడీల కార్ఖానాలో మూడేళ్ళుగా పని నేర్చుకుంటున్న శ్రీహరి ఒక మధ్యాహ్నం చిందులు తొక్కుతూ ఆయన ముందుకు వచ్చాడు.

"కళ్ళారా చూసిన మోసాన్ని కూడా ఓర్చుకోమంటారా గురువుగారూ?"

అతను మండిపడుతున్నది ఇరవయ్యారేళ్ళుగా బట్టీకి బొగ్గు వేస్తున్న మస్తానయ్య మీద. పచ్చళ్ళ జాడీలు కాలాలంటే బట్టీ పన్నెండువందల యాభై డిగ్రీలకు చేరాలి. మంటను తాకకుండా, దాని వెలుగును బట్టే వేడి చెప్పే పైరోమీటర్ ఒకటి అక్కడ ఉంది. బట్టీ గోడలోని కంతకు ఎదురుగా నిలబడి అందులోంచి చూస్తే, నిప్పు వెలుగు మీద సన్నటి తీగ కనిపిస్తుంది. మర తిప్పుతూ తీగ వెలుగును పెంచుకుంటూ పోతే, రెండు వెలుగులూ సమానమైన చోట తీగ మాయమవుతుంది. అప్పుడు అంకె చూసుకోవాలి. ఆ పొద్దున అంకె పదకొండువందల ఎనభై దాటలేదు.

"కునుకు తీసి మంట చల్లార్చాడండీ! అడిగితే, 'మంటకు రంగు వచ్చేసుండాది సామీ, ఇంకా బొగ్గేస్తే జాడీలు కుంగిపోతాయి' అని నా మొహం మీదే బొంకాడు. పనిలోంచి పొమ్మన్నాను. మిగతావాళ్ళ చేత బొగ్గు వేయిస్తున్నాను."

మస్తానయ్య కునుకు తీయడం శ్రీహరి చూడలేదు. చూసింది అంకెను. అయినా అతని కోపంలో నటన లేదు. ఎనిమిది వందల జాడీలు పచ్చిగా మిగిలిపోతాయన్న బాధ అది. గురువుగారు తన పక్షాన ఒక్క మాటైనా అనకుండా లేచి నడవడం అతనికి మరీ ఒళ్ళు మండించింది. గేటు దగ్గర తువ్వాలు పరుచుకుని కూర్చున్న మస్తానయ్య కనబడగానే, "ఇంకా పోలేదా!" అని పళ్ళు కొరికాడు.

బట్టీ దగ్గర పరాంకుశంగారు, మంటకు కళ్ళు చెదరకుండా నీలం అద్దం అడ్డం పెట్టుకుని కంతలోంచి చూశారు.

"ఆపండి బొగ్గు!"

ఆయన అరవగా శ్రీహరి ఎన్నడూ వినలేదు. ఆయన పైరోమీటర్ అందుకున్నారు గాని అందులోంచి చూడలేదు. దాన్నే ఎండకు తిప్పి చూశారు. కండువా కొస తడిపి ముందరి అద్దాన్ని గట్టిగా రుద్దారు. కొస పచ్చబడింది.

"ఏమిటిది?"

శ్రీహరి ఆ కొసకేసి చూసి నుదురు కొట్టుకున్నాడు. మొన్న ఆయుధపూజకు పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టింది తనే. పైరోమీటరంటే ప్రాణం కనుక దాని అద్దానికే గంధం, పసుపు కలిపి నిండుగా అలిమాడు. మర్నాడు పొడిగుడ్డతో ఒక తుడుపు తుడిచి ఊరుకున్నాడు. ఆ యంత్రంలో చూసేది ఎర్ర అద్దం గుండా కనుక, మిగిలిన పలచటి పొర కంటికి ఆనలేదు. వెలుగును మాత్రం సగానికి సగం తినేసింది.

"బొట్టు నొసట పెడతారయ్యా, కంట్లో పెడతారా?"

శ్రీహరి మళ్ళీ మర తిప్పాడు. తీగ మాయమైంది. అంకె పన్నెండువందల అరవై. మరి కాసేపు బొగ్గు పడి ఉంటే బట్టీలో జాడీ అన్నది మిగిలేది కాదు. మస్తానయ్య చెప్పింది అక్షరాలా నిజం. పొద్దుటినుంచి తను పడ్డ ఆవేశమంతా ఎక్కడ పెట్టుకోవాలో శ్రీహరికి తెలియలేదు. చివరికి యంత్రం మీద పెట్టాడు.

"చిటికెడు పసుపుకే ఇంత తప్పు చెబుతుందా ఇది! ఇకమీదట దేన్ని నమ్మాలి గురువుగారూ? దీన్నా, మస్తానయ్య కన్నునా?"

పరాంకుశంగారి ముఖం ఎర్రబడింది.

"అది తర్వాత. నిన్ను మస్తానయ్య ఇంక నమ్ముతాడేమో, ముందు పోయి కనుక్కో."