లంకలో వేసిన తాళం

విరూపాక్షయ్య గారిని ప్రశ్న అడగడమంటే ఒళ్ళు వంచడానికి సిద్ధపడడమే. అడిగినవాడికి ఆయన ముందొక పని అప్పగిస్తారు. పని అయ్యాక జవాబు చెబుతారన్న పూచీ కూడా లేదు. తమ్మయ్యలంకలో ఆయన వాకిలి ఎప్పుడు చూసినా శుభ్రంగా ఉండేదన్నా, ఎంత ఎండల్లోనూ దొడ్లో అరటిమొక్కలు వాడేవి కావన్నా, అదంతా వేదాంతంలో సందేహాలున్నవాళ్ళ చలవేనని లంకవాళ్ళు నవ్వుకునేవారు. బడిపంతులుగా చేసి, భార్య పోయాక, గోదావరి పాయల మధ్యనున్న ఆ లంకలో తండ్రి కట్టిన రెండు గదుల తాటాకింట్లో ఉండిపోయిన మనిషాయన. ఆదివారాల్లో నలుగురైదుగురు గృహస్థులు రేవు దాటి వచ్చి ఆయన దగ్గర గీత చదువుకునేవారు.

వాళ్ళలో సోమలింగం ఒకడు. అమలాపురంలో టెంట్ హౌస్ నడిపేవాడు. శామియానాలు, కుర్చీలు, గుండిగలు, గరిటెలు, పెళ్ళికొడుకు తప్ప పెళ్ళికి కావలసినవన్నీ అద్దెకిస్తాడని అతనికి పేరు. ఒక శ్రావణమాసంలో, ఆదివారం కాని రోజున, ముసురులో తడుస్తూ వచ్చి గురువుగారి అరుగు మీద కూర్చున్నాడు. కండువాతో తల తుడుచుకున్నాడు. తరవాత అడిగాడు.

"సన్యాసం పుచ్చుకున్నవాడికి అప్పులుంటాయాండి, గురువుగారూ?"

విరూపాక్షయ్య గారు చేటలో బియ్యం బాగుచేసుకుంటున్నారు. తల ఎత్తకుండానే, "ఎంత?" అన్నారు.

"ఇల్లు పోయేంతండి."

సోమలింగం కథ పెద్దదేమీ కాదు. అలాంటి కథలు ఆ రెండేళ్ళలో ప్రతి వీధిలోనూ పుట్టాయి. వ్యాపారం మంచి ఊపులో ఉన్నప్పుడు ఇల్లు బ్యాంకుకు తాకట్టు పెట్టి కొత్త మండపాలూ, కొత్త టెంట్లూ కొన్నాడు. అవి లారీ దిగిన ఆర్నెల్లకు కరోనా వచ్చింది. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. జరిగినవి కూడా గదిలో పదిమంది మధ్య జరిగిపోయాయి. గోడౌన్‌లో కుర్చీల మీద కుర్చీలు పైకప్పు దాకా లేచి ఉండిపోయాయి. బ్యాంకు వాయిదాలకు చేబదుళ్ళు తెచ్చాడు, చేబదుళ్ళ వడ్డీకి మళ్ళీ చేబదుళ్ళు తెచ్చాడు. రోగం తగ్గి ముహూర్తాలు తిరిగొచ్చేసరికి ఊళ్ళో ఫంక్షన్ హాళ్ళు లేచాయి. శామియానా అడిగేవాడు లేడు. ఇప్పుడు బ్యాంకువాళ్ళు ఆఖరి గడువు ఇచ్చారు. అది దాటితే గుమ్మానికి నోటీసు అంటించి, పేపర్లో వేసి, ఇల్లు వేలం వేస్తారు.

"నాకు కాషాయం ఇప్పించండి. మీరెక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను," అన్నాడు సోమలింగం.

"సత్యవేణికి తెలుసా?"

"తెలుసండి."

సత్యవేణి అతని భార్య. ఆమెకు ఏమీ తెలియదు. బ్యాంకు నుంచి వచ్చే రిజిస్టరు పోస్టంతా గోడౌన్ చిరునామాకే వచ్చేలా చూసుకున్నాడు. అప్పులవాళ్ళు ఇంటిమీదికి రాకుండా తనే వాళ్ళ గుమ్మాల ముందు నిలబడి వచ్చేవాడు. గురువుగారితో అబద్ధం చెప్పడం అతనికి అదే మొదటిసారి. చెప్పాక ఆయన కళ్ళలోకి చూడలేక వాన వంక చూస్తూ కూర్చున్నాడు. మొన్నమొన్ననే వరలక్ష్మీవ్రతం వస్తోందని సత్యవేణి చీటీ డబ్బుల్లో మిగిలినదానితో పసుపురంగు డబ్బా కొని, కూలివాడెందుకని తనే నిచ్చెనెక్కి వీధి గుమ్మానికి వేసుకుంది. "ఈ ఏడైనా మన గుమ్మం కళగా ఉండాలండీ," అంది. అతను కింద నిచ్చెన పట్టుకున్నాడు. ఊరికే పట్టుకున్నా బాగుండేది. పైన మూల కాస్త వదిలేశావు, చూసుకో అని కూడా చెప్పాడు.

విరూపాక్షయ్య గారు చేట పక్కన పెట్టారు.

"గోదారి పెరుగుతోంది. సాయంత్రానికి లంక ఖాళీ చెయ్యమన్నారు. నేను పుస్తకాలు పడవలో చేరుస్తాను. నీకు ఇంటి మీద బెంగ ఎలాగూ ఉంది. ముందు ఈ ఇంటి సంగతి చూడు."

సోమలింగం చొక్కా విప్పి పనిలో దిగాడు. సామాను అటక మీదికి ఎక్కించాడు. కిటికీలన్నీ మూసి కర్రలు అడ్డం కట్టాడు. దొడ్డి గుమ్మానికి లోపలి నుంచి గడియ వేసి, కింద సందులో గోనెసంచులు కుక్కి, పైన బంకమట్టి మెత్తాడు. తలుపు చెక్కల మధ్య నెర్రెలు కూడా వదల్లేదు. ఎన్నో పెళ్ళిపందిళ్ళు గాలివానకు ఎగిరిపోకుండా కట్టిన చేతులవి. పని చేస్తున్నంతసేపూ అతనికి చాలా రోజుల తరవాత మనసు తేలికపడింది. తన ఇల్లు ఎలాగూ తన చేతుల్లో లేదు, గురువుగారి ఇల్లయినా కాపాడగలుగుతున్నానని సంతోషించాడు. ఆఖరున పెట్టెలోంచి పాత ఇత్తడి తాళం వెతికి తీసి, వీధి గుమ్మానికి వేసి, రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

ఎదురింటి సూరాయమ్మ గేదెతో సహా ముందు పడవలోనే వెళ్ళిపోయింది. ఆ ఇంటి వీధి తలుపూ దొడ్డి తలుపూ బార్లా తీసి ఉన్నాయి. పైగా మూసుకుపోకుండా కొబ్బరితాళ్ళతో వెనక్కి కట్టేసి ఉన్నాయి. కిటికీలూ అంతే. ముసలిది కంగారులో ఇల్లు గాలికి వదిలేసి పోయిందని సోమలింగం జాలిపడ్డాడు. వెళ్ళి మూసొద్దామని రెండడుగులు వేశాడు కూడా. ఈలోగా పడవవాడు కేకేశాడు.

పడవ కదిలాక విరూపాక్షయ్య గారు వెనక్కి తిరిగి తన ఇంటి వంక చాలాసేపు చూశారు.

"తాళంచెవి భద్రమేనా?" అన్నారు.

"భద్రమేనండి."

ఏటిగట్టు మీది బడిలో లంక జనమంతా తలదాచుకున్నారు. గోదావరి మూడు రోజులు తగ్గలేదు. రెండోరోజు సత్యవేణి ఫోన్ చేసింది. గురువుగారికి సాయంగా ఉన్నానని సోమలింగం చెప్పాడు.

"మంచి పని చేస్తున్నారండీ. ఆయన్ని ఒంటరిగా వదలకండి. ఇందాకా ఎవరో బ్యాంకు నుంచంట, మీ కోసం వచ్చారు. లోన్లు ఇస్తామని తిరుగుతా ఉంటారు కదా, మాకేం అక్కర్లేదని పంపేశాను," అంది.

"మంచిపని చేశావు," అన్నాడు సోమలింగం. ఆ పూట తన అన్నం పళ్ళెం పక్కన కూర్చున్న పిల్లాడి ముందుకు జరిపేశాడు.

వరద తగ్గి నీళ్ళు తీశాక పడవలో తిరిగి వెళ్ళారు. లంకంతా మోకాలి లోతు ఒండ్రు. సూరాయమ్మ ఇంటి గోడల మీద నడుమెత్తున నీటి చార ఉంది. పొయ్యి కరిగిపోయింది. వంటింట్లో ఎక్కడి నుంచి కొట్టుకొచ్చిందో ఒక చెప్పు ఉంది. ఇల్లు మాత్రం నిలబడే ఉంది. అప్పటికే ఆమె పారతో ఒండ్రు ఎత్తిపోస్తోంది.

గురువుగారి ఇంటికి మూడు గోడలు లేవు. మూడూ బయటికి కూలి ఉన్నాయి. తాటాకు కప్పు వాటి మీద ఒరిగిపోయింది. వీధి గుమ్మం ఒక్కటి రెండు మూరల గోడ ముక్కలతో నిటారుగా నిలబడి ఉంది. దానికి సోమలింగం వేసిన తాళం వేసినట్టే ఉంది.

సూరాయమ్మ పార చేత్తో పట్టుకుని వచ్చి, గుమ్మాన్నీ సోమలింగాన్నీ మార్చి మార్చి చూసింది.

"తలుపులేసేసింది నువ్వా బాబూ? ఎంతపని చేశావు. వరదొత్తుందంటే మా లంకలోళ్ళం తలుపులు తీసి కట్టేత్తామండి. నీళ్ళు ఇటొచ్చి అటు పోతాయి. ఇల్లు బురదవుద్ది, కడుక్కుంటాం. నువ్వు మూసేసినా నీళ్ళు ఎలాగూ దూరతాయి. బయట గోదారి తీసేసింది, లోపల నీళ్ళకి దారి లేదు. ఆ లోపలి నీళ్ళే తోసేశాయి గోడల్ని." తరవాత ఆమె గురువుగారి వైపు తిరిగింది. "పట్నం బాబుకి తెలీదు. నువ్వయినా చెప్పొద్దా అయ్యోరూ?"

విరూపాక్షయ్య గారికి పడవలో ఆ సంగతి తట్టలేదా, తెలిసీ ఊరుకున్నారా అని లంకలో ఇప్పటికీ వాదించుకుంటారు. తండ్రి కట్టిన ఇంటిని ఎవరైనా ఊరికే పోనిస్తారా అని కొందరంటారు. సూరాయమ్మ మాత్రం ఆ ముసలాయనకి అన్నీ తెలుసనే అంటుంది.

సోమలింగం బురదలో కూలబడ్డాడు. "నేను కట్టిస్తానండి గురువుగారూ. ఎలాగోలా తెచ్చి కట్టిస్తాను," అన్నాడు.

"ఎక్కడ తెస్తావు?"

విరూపాక్షయ్య గారు పంచె ఎగగట్టి, ఒండ్రు తొక్కుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళి, తాళం పట్టుకుని ఒకసారి లాగి చూశారు. అది కదల్లేదు.

"తాళం గట్టిగా వేశావు, నాయనా," అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అదే సోమలింగం భరించలేకపోయాడు.

"సత్యవేణికి తెలీదండి," అన్నాడు. "ఆ రోజు మీతో అబద్ధమాడాను. ఆమెకేమీ తెలీదు. గుమ్మానికి రంగు వేసుకుంటోందండి." మొహం మోకాళ్ళలో దాచుకుని ఏడ్చాడు.

విరూపాక్షయ్య గారు అతన్ని ఓదార్చలేదు. రేవులో పడవవాణ్ణి పిలిచి, ఇతన్ని మళ్ళీ ఏటిగట్టు దాకా దింపాలని చెప్పారు.

సోమలింగం బురద కాళ్ళతోనే ఇంటికి చేరాడు. గుమ్మం పచ్చగా మెరుస్తోంది. లోపలికి వెళ్ళకుండా ఆ గుమ్మం దగ్గరే నిలబడి, బ్యాంకు సంగతి, చేబదుళ్ళ సంగతి, చివరికి కాషాయం అడిగిన సంగతి కూడా చెప్పేశాడు. సత్యవేణి వింటూ వింటూ గడప మీద కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. తలెత్తి అంది.

"నిచ్చెన పట్టుకున్నారు కదండీ మీరు. మూల వదిలేశానని కూడా చెప్పారు. అప్పుడైనా చెప్పబుద్ధి కాలేదా?"

ఇల్లు పోతోందన్న మాట కన్నా తనకు చెప్పకపోవడమే ఆమెకు ఎక్కువ నొప్పి అని సోమలింగానికి అప్పుడు అర్థమయింది. ఇన్నాళ్ళూ తను ఆమెను కాపాడుతున్నాననుకున్నాడు. ఆ రోజు పొయ్యి వెలగలేదు. ఒకరికొకరు ఎదురుపడకుండా ఆ చిన్న ఇంట్లోనే మసిలారు. మర్నాడు పొద్దున్నే ఆమె తల దువ్వుకుని, పేరంటానికి వెళ్ళేటప్పుడు కట్టే చీర కట్టుకుని వచ్చి నిలబడింది. "పదండి బ్యాంకుకి. వాళ్ళేమంటారో నేను కూడా వింటాను," అంది.

ఇల్లు నిలవలేదు. నిలిచిందని చెబితే కథ వినడానికి బాగుంటుంది గాని, నిలవలేదు. వేలం దాకా రానివ్వకుండా గడువులోపల తామే అమ్ముకుంటే నాలుగు రాళ్ళు ఎక్కువ వస్తాయని బ్యాంకు మేనేజరు చెబితే, సత్యవేణి అన్నగారు బేరం కుదిర్చాడు. పసుపు గుమ్మంతో సహా ఇల్లు ఒక రొయ్యల చెరువుల ఆసామికి వెళ్ళింది. బ్యాంకు బాకీ తీరింది. కొత్త మండపాలు అయినకాడికి అమ్మి చేబదుళ్ళలో సగం తీర్చారు. మిగతా సగం ఎవరికి బాకీ ఉన్నారో వాళ్ళ ఇళ్ళకు ఇద్దరూ కలిసి వెళ్ళి, నెలనెలా ఇంతని ఒప్పుకుని వచ్చారు. గోడౌన్ వెనక రెండు గదుల్లో కాపురం పెట్టారు. వానాకాలంలో ఆ గదులు కురుస్తాయి. సోమలింగానికి మాత్రం నిద్ర పట్టడం మొదలైంది.

కార్తీకంలో ఇద్దరూ లంకకు వచ్చారు. వరద నాటి నుంచి విరూపాక్షయ్య గారు ఉంటున్నది సోమలింగం పంపిన శామియానా కిందే. ఎవరో పెళ్ళికని కుట్టించిన ఎర్రచారల గుడ్డ కింద కూర్చుని ఆయన గీత చెబుతుంటే చూడముచ్చటగా ఉండేది. శిష్యులంతా తలో చెయ్యీ వేసి గోడలు లేపారు. సోమలింగం అడుసు తొక్కాడు. ఆ పాత వీధి గుమ్మాన్నే మళ్ళీ నిలబెట్టారు. దొడ్డి గుమ్మం ఎదురుగా పడేలా చూడమని సూరాయమ్మ పక్కన నిలబడి చెబుతూనే ఉంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక సత్యవేణి గురువుగారికి మజ్జిగ ఇస్తూ అంది. "ఈయన మిమ్మల్ని కాషాయం అడిగారంట కదండీ. సన్యాసికి అప్పులుంటాయా అని. దానికి మీరు జవాబే చెప్పలేదంట."

విరూపాక్షయ్య గారు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టారు.

గుమ్మం నిలబెట్టేటప్పుడు గొళ్ళెంతో సహా ఊడదీసిన ఆ ఇత్తడి తాళం పాత గోడల మట్టికుప్ప మీద పడి ఉంది. సత్యవేణి దాన్ని తీసి చెంగుతో మట్టి తుడిచింది. సోమలింగం మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇచ్చాడు. ఆమె తిప్పి చూస్తే తాళం తెరుచుకుంది.

"బాగానే పనిచేస్తోందండీ. దీన్ని ఎక్కడ పెట్టమంటారు?"

"నాకెందుకమ్మా, అతనికే ఇచ్చెయ్యి," అన్నారు విరూపాక్షయ్య గారు. లేచి పంచె దులుపుకుని, రెండు గుమ్మాల మధ్య నుంచి అవతల కనిపిస్తున్న గోదావరి వంక చూశారు. "తాళంచెవి మాత్రం నీ దగ్గర ఉంచుకో."