పొగడ్తకు అనుమతి అక్కర్లేదు

గుండ్లవాగు లోయలో వార్త కాళ్ల మీద నడిచేది కాదు, గొంతుల మీద ఎగిరేది. వాగు ఒడ్డున నెమలి ఒక మాట అంటే గట్టు మీది కొండముచ్చు అందుకునేది. కొండముచ్చు నుంచి కాకి, కాకి నుంచి దుప్పుల మంద. రెప్ప మూసి తెరిచేలోగా ఈ కొసన పుట్టిన మాట ఆ కొసకు చేరేది. మన చేతిలో ఫోను, ఫోనులో ఇంటర్నెట్టు ఎలాగో, ఆ లోయకు అది అలాగ. దాన్ని అందరూ కూతతీగ అనేవాళ్లు. దానికి యజమాని లేడు, కాపలా లేదు. పులి నీళ్లకు దిగిందన్నా, మొర్రిపళ్లు పండాయన్నా, ఎలుకపిల్ల తప్పిపోయిందన్నా, ఎవరు కూసినా అందరికీ చేరాల్సిందే.

ఆ లోయలో అందరికంటే పెద్ద గొంతు తీతువుపిట్ట ఓబులమ్మది. మనుషులు ఆమె కూతను అపశకునం అనుకుంటారు గానీ లోయకు అదే కాపు. ఆమె గుడ్లు పెట్టేది చెట్టు మీద కాదు, వాగు ఒడ్డున గులకరాళ్ల మధ్య, ఒట్టి నేల మీద. కంచె లేదు, తలుపు లేదు. ఉన్నదల్లా గొంతు. "నా గొంతే నా గోడ" అనేది ఓబులమ్మ.

ఆ గోడే నక్క సుంకన్నకు కంట్లో నలుసైంది. అతడు పొద నుంచి ముక్కు బయటపెడితే చాలు, "నక్కొచ్చె! నక్కొచ్చె!" అని లోయంతా మోగేది. కుందేళ్లు కలుగుల్లో, కౌజుపిట్టలు గడ్డిలో మాయం. సుంకన్న పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు.

ఎండాకాలం ఒక పొద్దున ముళ్లపొద వెనక నుంచి సన్నగా ఒక కేక వచ్చింది. "మంటలు! తూర్పు కొండకు మంటలు!"

అన్నదెవరో ఓబులమ్మ చూడలేదు, అడగలేదు. కార్చిచ్చు అనగానే ఎగిరి ఒక్క గొంతు పెట్టింది. కొండముచ్చు కోనప్ప అందుకున్నాడు. క్షణంలో లోయ లోయంతా పడమటికి పరుగు! దుప్పులు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. రాజు గారి మనవడు, గున్న ఏనుగు, మడుగు బురదలో నడుము దాకా దిగబడ్డాడు. తీరా చూస్తే తూర్పున పొగ కూడా లేదు.

రాజు పెద్దిరాజు ముసలి ఏనుగు, మంచివాడే. కానీ మనవడు బురదలో విలవిల్లాడటం చూశాడేమో, కోపం తలకెక్కింది. అదను చూసి సుంకన్న ముందుకొచ్చాడు.

"ప్రభూ, ఎద్దుకు ముకుతాడుంది, గొంతుకు మాత్రం లేదు. నోరున్న ప్రతివాడూ కూస్తే ఇలాగే అవుతుంది. ఇకమీదట ఏ కూతైనా ముందు ఒకరి దగ్గరికి తేవాలి. నిజమో అబద్ధమో తేల్చి అనుమతిస్తేనే కూయాలి."

"పులి వస్తే?" అన్నాడు కోనప్ప.

"చిటికెలో అనుమతి."

"ఇచ్చేదెవరు?"

"ఈ బరువు మోయమని ప్రభువు ఆజ్ఞాపిస్తే..." అని నక్క తల వంచుకున్నాడు. "ఒక్కటి మాత్రం మనవి. మహారాజును పొగిడే కూతకు అనుమతి అక్కర్లేదు. భక్తికి అడ్డం పడే పాపం నాకొద్దు!"

రాజు చెవులు ఆనందంతో ఊగాయి. చట్టం అయిపోయింది, సుంకన్న మంత్రి అయిపోయాడు. మీరినవాడికి వాగు నీళ్లు బంద్.

ఓబులమ్మ రెక్కలు ముడుచుకుని వెనక్కి జరిగింది. ఆ అబద్ధాన్ని మోసింది తన గొంతే కదా! ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది?

ఇక చూడండి సుంకన్న వైభవం! కౌజు తల్లి పాము కనబడిందని అతడి గుహ ముందు నిలబడితే, "ఎంత పొడుగు పాము? ఎటు చూస్తోంది? విచారించాలి, మధ్యాహ్నం రా" అన్నాడు. ఆమె ఇంటికి చేరేసరికి పిల్లలు లేరు. కుందేలు వచ్చి "నక్క తిరుగుతోందని కూయాలి సామీ" అంటే, "నా మీద నేనే అనుమతివ్వడం ధర్మం కాదమ్మా" అని కన్నీళ్లు పెట్టుకున్నాడు. లోయ మూగబోయింది. నక్క పొట్ట మాత్రం గుమ్మడికాయలా గుండ్రమైంది. కంచే చేను మేస్తే రైతు ఎవరికి చెప్పుకుంటాడు?

ఒక ఉదయం సుంకన్న వాగు ఒడ్డుకే వచ్చాడు. గులకరాళ్లను ఒక్కొక్కటే వాసన చూస్తూ, తీరిగ్గా, పెళ్లిలో విస్తరి ముందు కూర్చోబోయేవాడిలా.

"కూయకు ఓబులా!" అన్నాడు మొగుడు ఈరన్న. "నీళ్లు ఆగిపోతే ఈ ఎండలో ఎట్లా బతుకుతాం?"

"గుడ్లు పోతే ఎందుకు బతకడమయ్యా?"

"అనుమతి అడుగుదాం."

"ఎవర్ని? అదుగో, నాలుక చప్పరిస్తూ వస్తున్నాడు, వాడినా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నక్క ఇంకో పది అడుగుల్లో ఉంది. ఓబులమ్మ రెక్కలు కొట్టుకుంది. సరిగ్గా అప్పుడు మెదడులో మెరుపు మెరిసింది. గబుక్కున నక్క నెత్తిమీదికి ఎగిరి, ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది.

"పెద్దిరాజుకు జై! మహారాజు వర్ధిల్లాలి! జై! జై!"

సుంకన్న ఉలిక్కిపడ్డాడు. గట్టు మీది కోనప్ప తల తిప్పి చూశాడు. తీతువు కింద నక్క! ఒక్క గెంతులో చిటారుకొమ్మ ఎక్కి, "మహారాజుకు జై!" అని అందుకున్నాడు. కాకి అందుకుంది, నెమలి అందుకుంది. తీతువు గొంతులోని బెదురు పసిగట్టి కుందేళ్లు కలుగుల్లోకి దూకాయి. రోజుల తరబడి బిగిసిపోయిన గొంతులన్నీ ఒక్కసారి కట్ట తెగిన చెరువులా పొంగాయి!

"ఆపండి! అనుమతుందా?" అని అరిచాడు నక్క.

"పొగడ్తకు అక్కర్లేదన్నది తమరే కదా మంత్రిగారూ," అంది ఓబులమ్మ. "ప్రభువు గుర్తొచ్చాడు. భక్తి ఆగలేదు."

లోయ కళ్లన్నీ తన మీదే ఉండేసరికి సుంకన్న ఆకలితోనే వెనక్కి తిరిగాడు.

ఆ రోజు నుంచి నక్క గుహ దాటితే చాలు, జేజేలు! ఎడమకు తిరిగితే ఎడమ చెట్ల మీద, కుడికి తిరిగితే కుడి చెట్ల మీద. గుమ్మడికాయ పొట్ట మళ్లీ వీపుకు అంటుకుంది. తట్టుకోలేక రాజు దగ్గరికి పరుగెత్తాడు.

"ప్రభూ, పొగడ్తలకు కూడా అనుమతి పెట్టాలి!"

"ఎందుకయ్యా?" అన్నాడు పెద్దిరాజు. "ముసలితనంలో నా చెవులకు అదొక్కటే సుఖం."

నక్క తోక ముడుచుకుని వెళ్లిపోయాడు. రాజు మాత్రం ఆలోచనలో పడ్డాడు. 'నేను ఎదురుగా వెళితే ఎవరూ జై అనరు. నేను లేనిచోట ఇంత భక్తా? ఒకసారి కళ్లారా చూడాలి.'

మర్నాడు ఓబులమ్మ గుడ్లలో ఒకటి పగుళ్లిచ్చింది. లోపల నుంచి టిక్కు టిక్కుమని పిల్ల పొడుస్తోంది. సుంకన్న ఆకలికి తెగించేశాడు. దాక్కోలేదు, పాకలేదు, ఉరుక్కుంటూ వచ్చాడు.

"జై! జై! పెద్దిరాజుకు జై!" ఓబులమ్మ చుట్టూ తిరుగుతూ అరిచింది. రెక్క విరిగినట్టు నటిస్తూ నక్క ముందు పొర్లింది.

"ఆ నాటకాలు నా తాతకు చూపించు," అని నక్క ఆమెను దాటేసి, పగులుతున్న గుడ్డును నోట కరుచుకున్నాడు.

ఓబులమ్మ కూత ఈసారి పొగడ్తలా లేదు, పేగు తెగినట్టుంది. అయినా మాట మాత్రం అదే. "మహారాజా! జై! మహారాజా!" లోయ లోయంతా అదే పిలుపు.

ఏనుగు ఎంత పెద్దదో దాని అడుగు అంత మెత్తన. పొగడ్త పుట్టినచోటు వెతుక్కుంటూ వచ్చిన పెద్దిరాజు నీడ ఇసుక మీద పడేదాకా సుంకన్నకు తెలియలేదు.

"మంత్రీ, ఇక్కడేం చేస్తున్నావు?"

నక్క కళ్లు తేలేశాడు. నోరు తెరిస్తే గుడ్డు కనబడుతుంది. తెరవకపోతే రాజధిక్కారం. కక్కలేడు, మింగలేడు.

"మాట్లాడవేం?"

"ప్రభూ," అంది ఓబులమ్మ, రొప్పుతూ, "నోరు తెరవడానికి మంత్రిగారికి అనుమతి కావాలేమో!"

తొండం సుంకన్న నడుముకు చుట్టుకుంది. ఒక్క పిసుకు! నోరు తెరుచుకుంది. గుడ్డు మెత్తటి ఇసుకలో పడింది. పెంకు రెండుగా విడిపోయి, తడి రెక్కలతో ఒక పిల్ల లేచి నిలబడి, ఎవర్నీ అడక్కుండా "కీ!" అంది.

తొండం చివర వేలాడుతూ నక్క అంతా కక్కాడు. ముళ్లపొద వెనక కేక వేసింది కూడా తనేనన్నాడు. పెద్దిరాజు తల వాలిపోయింది.

"ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నాను," అన్నాడు. "ఈ చట్టం ఈ క్షణమే రద్దు. కానీ ఓబులమ్మా, రేపు ఇంకొకడు అబద్ధం కూస్తేనో?"

"ఆ రోజు తప్పు నాది కూడా దొరా. ఎవరు చూశారని నేను అడగలేదు. అడిగుంటే ఆ కేక పొద దగ్గరే చచ్చేది. నా గొంతు నాకు వదిలేయండి. విన్నమాట ముందుకు పంపేముందు 'చూసిందెవరు?' అని అడగడం నేను నేర్చుకుంటాను, నా పిల్లలకూ నేర్పుతాను."

రాజు సరేనన్నాడు. సుంకన్నను కొండ అవతలికి విసిరికొట్టాడు. అతడు కుంటుకుంటూ వేరే అడవి దారి పట్టేలోగానే కూతతీగ మోగింది: "దొంగ నక్క వస్తోంది! చూసింది ఓబులమ్మ! చూసింది కోనప్ప!" ఆ వార్త అతడికంటే ముందే ఆ అడవికి చేరిపోయింది.

నీతి: అబద్ధానికి మందు ప్రశ్నించే నోరే గాని, ఆ నోరు మూసే చెయ్యి కాదు.