బ్యాటరీకి గొడుగు పట్టిన ఇల్లు

"ఒరేయ్ శేషగిరీ! గొడుగేదిరా? బ్యాటరీ మాడిపోతోంది!"

తల్లి బుల్లెమ్మ కేకకి శేషగిరి గొడుగుతో పరుగెత్తాడు. అన్న తాతబ్బాయి ఎలక్ట్రిక్ సైకిలుకి పూతరేకుల డబ్బాలు కట్టుకుని అప్పుడే బయల్దేరాడు. శేషగిరి వెనకాలే పరుగెడుతూ బ్యాటరీ మీదికి గొడుగు పట్టాడు. అన్న బట్టతల మాత్రం ఎండకి ఇత్తడి చెంబులా మెరిసిపోతోంది. దానికి గొడుగు పట్టమని ఎవరూ చెప్పలేదు మరి.

కాలువగట్టు వీధిలో ఆ ఇంటివాళ్ళకి తమ తెలివంటే మహా గర్వం. "చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు ఈ ఊళ్ళో మనం ముగ్గురమే," అనేది బుల్లెమ్మ, రోజూ అన్నం వడ్డిస్తూ. కొడుకులిద్దరూ ముద్ద నోట్లో ఉండగానే తలూపేవారు.

ఎండ తగలనివ్వొద్దన్నది బ్యాటరీల కొట్టు హైమ. ఆ పిల్ల చెవి వెనక స్క్రూడ్రైవరు దోపుకుని మాట్లాడుతుంటే శేషగిరికి మల్లెపూలు దోపుకున్నట్టే కనిపించేది.

అసలు మొదట తాతబ్బాయి సంతలో చవగ్గా దొరికే బ్యాటరీ కొందామనుకున్నాడు. "పేరూ ఊరూ లేని సరుకు కొనకండి, అంటుకుంటుంది," అని చెప్పింది హైమ. అంతే! తాతబ్బాయి దాన్నే కొని, ఎర్ర రంగు తెచ్చి, దాని మీద "పేరు వెంకటలక్ష్మి, ఊరు మనదే" అని రాసి మరీ పట్టుకొచ్చాడు.

హైమ నెత్తి పట్టుకుంది. దాన్ని లాక్కుని పక్కన పెట్టింది. సైకిలు మోటారు మీద వోల్టులు ఎన్నో చూసి, దానికి సరిపడే బ్యాటరీ, ఆ బ్యాటరీ సొంత ఛార్జరూ ఇచ్చి, వేళ్ళు మడుస్తూ చెప్పింది. "ఎండలో పెట్టొద్దు. నీళ్ళు తగలనివ్వొద్దు. తిరిగొచ్చాక వేడి తగ్గితేనే ఛార్జింగు పెట్టాలి. పెట్టినంతసేపూ పక్కన మనిషుండాలి." చివర్లో శేషగిరి వంక తిరిగింది. "దీన్ని బాగా చూసుకుంటే మిమ్మల్ని దేనికైనా నమ్మొచ్చనుకుంటానండీ. అనుమానముంటే రండి."

ఆ మాట శేషగిరి గుండెలో గూడు కట్టుకుంది. హైమ తనని నమ్మాలి. నమ్మిన రోజున మనసులో మాట చెప్పేయాలి. కానీ అనుమానముంటేనే కదా రమ్మంది! నెల్లాళ్ళు అరుగు మీద కూర్చుని తన బుర్రంతా వెతుక్కున్నాడు. ఒక్కటంటే ఒక్క అనుమానం దొరకలేదు.

"దిగులుపడకు నాయనా," అంది బుల్లెమ్మ. "అనుమానాలు రావాలంటే కాస్త తెలివి తక్కువుండాలి. మన వంశంలో అది లేదు."

ఆ రోజు తాతబ్బాయి తిరిగొచ్చేసరికి బ్యాటరీ వేడిగా ఉంది. బుల్లెమ్మ చెయ్యి వేసి చూసింది. "అయ్యో, జొరం!" అని తడిగుడ్డ తెచ్చి కప్పింది.

"నీళ్ళు తగలకూడదు కదే అమ్మా?"

"నీళ్ళెక్కడ తగిలాయిరా? తగిలింది గుడ్డ."

నిజమే కదా అనుకున్నాడు శేషగిరి. వేడి తగ్గింది. ఛార్జింగు పెట్టారు. తాతబ్బాయి దాని పక్కనే చాప పరుచుకుని గుర్రు పెట్టాడు. కాసేపటికి పక్కింటి మంగాయమ్మ గోడ మీంచి అరిచింది. "తాతబ్బాయ్! ఏదో మాడు వాసనరా, చూడు!"

వాడు ఒక కన్ను తెరిచాడు. "పక్కన ఉండమన్నారు పిన్నీ. చూడమన్లేదు."

శేషగిరి చూశాడు. బ్యాటరీ పొట్ట కొంచెం ఉబ్బింది. ఇంత చిన్న అనుమానానికి అంత దూరం వెళ్తే బాగోదనుకున్నాడు. ఇంకాస్త ఉబ్బింది. ఇంకాస్త ఆగాడు. సొరకాయంత అయ్యేసరికి ఎగిరి గంతేశాడు. "అమ్మా! వచ్చిందే! అనుమానం వచ్చింది!"

ఇంకేముంది, రొప్పుతూ కొట్టు దగ్గర వాలాడు. "హైమగారూ, ఒక్క అనుమానమండీ. బ్యాటరీ ఒళ్ళు చేస్తే మంచిదేనా?"

హైమ చేతిలో మీటరు జారిపోయింది. ఒక్క పరుగున వచ్చి, మెయిన్ స్విచ్చి కట్టేసి, తాతబ్బాయిని చాపతో సహా బయటికి తోలింది. పొడుగు కర్రతో బ్యాటరీని కాలువ పక్క ఖాళీ జాగాలోకి లాగి, దూరంగా వచ్చి నిలబడింది. "అందరూ ముప్పై అడుగులు వెనక్కి!"

అది బుస్సుమని పొగ కక్కింది. నాలుగు నిప్పురవ్వలు చిమ్మింది. చాలాసేపటికి గానీ చల్లారలేదు. వీధి వీధంతా గట్టు మీద చేరింది.

హైమ కొంగుతో మొహం తుడుచుకుని శేషగిరి వైపు రెండడుగులు వేసింది. శేషగిరి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె మూడు వేసింది. ఇతను మూడు వెనక్కి.

"ఎక్కడికండీ?"

"మీకూ నాకూ మధ్య ముప్పై అడుగులు తగ్గకూడదు కదండీ!"

"బాగా లెక్కపెట్టరా!" అని గట్టు మీంచి తల్లి హెచ్చరించింది.

హైమ వస్తూనే ఉంది. శేషగిరి వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. గట్టు అయిపోయింది. మోకాళ్ళ లోతు. నడుం లోతు. పీకల్లోతు. గుర్రపుడెక్క ఒకటి నెత్తికి చుట్టుకుంది. అయినా లెక్క తప్పలేదు.

హైమ నీళ్ళ అంచున ఆగింది. నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో అరిచింది. "ఏం చేశారో అంతా చెప్పండి! ఒక్కటి దాచినా ఇక మిమ్మల్ని నమ్మను!"

ముప్పై అడుగులాయె. మెల్లిగా చెబితే వినపడదు. శేషగిరి గొంతు సవరించుకుని, ఊరంతా మారుమోగేలా కేక పెట్టాడు.

"తడిగుడ్డ కప్పింది మా అమ్మండీ! పక్కన పడుకుంది మా అన్నండీ! ఉబ్బుతుంటే చూస్తూ కూర్చుంది నేనండీ, మీ దగ్గరికి రావడానికి వేరే దారి లేక! మీరంటే నాకు చచ్చేంత ఇష్టమండీ, హైమగారూ!"