చేంతాడు ఎవరిది

"బావి లోతెంతో చెల్లెలా, చేంతాడు నీదెంతో చెల్లెలా..." చిన్నప్పుడు కలుపు తీస్తూ పాడేవాళ్లం. చెల్లెలు ఏం జవాబు చెప్పిందో మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

సర్పంచినయ్యాక ఆ చేంతాడే నా మెడకు చుట్టుకుంది. మా ఊళ్లో ఎవరి తాడు వాళ్లే బావికి తెచ్చుకుని, చేదుకుని, మళ్లీ భుజాన వేసుకుపోవాలి. కరువొచ్చిన ఏడు నార పేనే వీధి వాళ్లు వచ్చి, పంచాయతీ తరఫున బావికొక తాడు వేయించమన్నారు. మెంబర్లు ఒప్పుకోలేదు.

"ఈరోజు తాడిస్తే, రేపు నీళ్లు కూడా నువ్వే చేదిపొయ్యమంటారు సంజమ్మా."

అదీ నిజమే అనిపించింది. ఆ వీధి ఖాళీ బిందెలు చూస్తే కాదనిపించింది.

హుస్సేనయ్య తాత దగ్గరికి పోయాను. తత్వాలు చెప్పే ఫకీరు. నలభై దాటిన నాకు పలక పట్టించిన గురువు. అంతా విని, "దప్పికగా ఉంది పాపా, కడవెడు నీళ్లు తే" అన్నాడు.

"చేంతాడేది తాతా?"

"నాకేడిది!"

మా ఇంటికి పోయి తెచ్చుకుంటానంటే, "వద్దు, తాడు లేకుండా ఈ కడవొక్కటే పట్టుకుపో" అన్నాడు.

బావి గట్టు మీద ఆడవాళ్లు నవ్వారు. "సర్పంచమ్మకే తాడు లేదంటమ్మో!"

ఒక్కరూ ఇవ్వలేదు. రాతి అంచుకు ఒరిసి అరిగిపోతుందని మా ఊళ్లో తాడు అరువివ్వరు. నార పేనే ఓబుళమ్మ అప్పటికే బిందె ఒళ్లో పెట్టుకుని కూచుని ఉంది.

"రా అక్కా, కూచో. కానీ వరస నాదే ముందు."

"తాళ్లు పేనేదానివి, నీకు తాడు లేదా?"

"పేనింది పేనినట్టే గింజలకు పోయె. ఇప్పుడు పట్నం నైలాను తాళ్లొచ్చి, పేనే పనీ లేకపాయె" అని అరచేతులు చూసుకుంది.

ఎండ నెత్తికెక్కాక ఒక ముసలామె జాలిపడి తాడిచ్చింది. ముందు ఓబుళమ్మ, తర్వాత నేను చేదుకున్నాం.

తాత నీళ్లు తాగి, మూతి తుడుచుకున్నాడు. "బావికాడ ఎవరినైనా చేదిపెట్టమంటివా?"

"లేదు తాతా. తాడే అడిగినా."

నేను లేచాను.

బావికి తాడు పడేనాటికి తాత లేడు. నీళ్లు తెచ్చిచ్చిన రోజు నేను గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచి అన్నదే నాతో ఆయన చివరి మాట.

"తాడు పట్నంలో కొనద్దు పాపా."