మౌలాలి వస్తున్నాడు, గడియ పెట్టండి

"పీర్‌సాబ్, నేను సేవకు పోతే జనం తలుపులు వేసుకుంటున్నారు" అన్నాడు మౌలాలి.

పొద్దున్నే వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగి వచ్చాడు. భుజం మీది నీళ్ల బిందె ఇంకా నిండుగానే ఉంది.

పీర్‌సాబ్ అసలు పేరు నూరుద్దీన్. ఊరి చివర గుట్ట కింద ఆయన ఆశ్రమం, తకియా. రెండు గదులు, ఒక వసారా, పది మంది శిష్యులు. రోజూ తెల్లవారగానే నమాజు ముగించి శిష్యులు ఊళ్లోకి వెళ్లేవారు. మంచం దిగలేని ముసలివాళ్లు, కాళ్లు రానివాళ్లు, చూపు లేనివాళ్లు ఎవరెవరు ఏ సందులో ఉన్నారో పీర్‌సాబ్‌కు తెలుసు. వాళ్ల ఇళ్లకు వెళ్లి నీళ్లు తోడిపెట్టడం, స్నానానికి సాయపడటం, ఇంత సంగటి కెలికి పెట్టడం శిష్యుల పని. కులం, మతం అడిగేది లేదు.

ఒకసారి ఎవరో, "వాళ్లందరినీ తెచ్చి తకియాలోనే పెట్టుకుంటే సులువు కదా" అన్నారు.

"ఎవరికి సులువు?" అని అడిగారు పీర్‌సాబ్.

మౌలాలి ఒకప్పుడు పహిల్వాన్. కుస్తీలు మానేసి రెండు నెలల కిందట పీర్‌సాబ్ దగ్గర చేరాడు. మెలితిప్పిన మీసం మాత్రం మానలేదు. మిగతా శిష్యులు ఒక్క ఇంట్లోనే పూట గడిపేస్తుంటే, అతను సూర్యుడు గుట్ట ఎక్కేలోపు ఆరిళ్లు ముగించి వచ్చి వసారాలో కూర్చునేవాడు. ఆ సంగతి రోజూ అందరికీ చెప్పేవాడు కూడా.

"ఏ ఇంట్లో తలుపు వేశారు?" అని అడిగారు పీర్‌సాబ్.

"మూడిళ్లలో. బొంతలు కుట్టే తిప్పమ్మవ్వ అయితే గడియ పెట్టి, దానికి అడ్డంగా రోకలి కూడా పెట్టింది. తలుపు ఊడబెరుకుదామా అనుకున్నా. ఎందుకైనా మంచిదని మిమ్మల్ని అడిగి పోదామని వచ్చినా."

"మంచిపని చేశావు. ఆమె ఇంట్లో నువ్వు రోజూ ఏం చేస్తావు?"

మౌలాలి ఛాతీ విరుచుకున్నాడు. "పోతూనే మంచం మీంచి ఎత్తుతా. దొడ్లోకి తీసుకుపోయి నీళ్లు పోస్తా. మళ్లీ ఎత్తి మంచం మీద పెడతా. నాలుగు ముద్దలు నోట్లో పెడతా. కాలు కింద పెట్టనీయను పీర్‌సాబ్! మొదట్లో గోడ పట్టుకొని గడప దాకా తానే వచ్చేది. ఇప్పుడు ఆ కష్టం కూడా లేకుండా చేసినా."

"ఇప్పుడు గడప దాకా రాగలదా?"

"ఎందుకు రావడం? నేనున్నా కదా. ఈరోజు మాత్రం పాక్కుంటూ వచ్చి గడియ పెట్టుకునింది."

పీర్‌సాబ్ చేతిలోని తస్బీ పూసలు రెండు తిప్పారు. "బుడ్డన్న ఇంట్లో?"

బుడ్డన్నకు చూపు లేదు. తాళ్లు పేనుకొని బతుకుతాడు. మౌలాలి అతని ఇంట్లో సామానంతా తిరగేసి, పెద్ద డబ్బాలు ఒకవైపు, చిన్న డబ్బాలు ఒకవైపు ముచ్చటగా సర్ది వచ్చాడు. బుడ్డన్న ఆరోజు మజ్జిగలో ఉప్పనుకొని బెల్లప్పొడి వేసుకున్నాడు. పేనిన తాడు మూడు రోజులదాకా దొరకలేదు.

"నిండా గలీజుగా ఉండె పీర్‌సాబ్. అద్దంలా చేసి పెట్టినా" అన్నాడు మౌలాలి.

"చాలా కష్టపడ్డావు" అన్నారు పీర్‌సాబ్. "అలసిపోయి ఉంటావు. ఈ పూట నీకే సేవ." అప్పుడే ఊళ్లోంచి తిరిగి వచ్చిన నలుగురు శిష్యుల్లో జమాల్ వైపు చూసి చిన్నగా తల ఊపారు.

మౌలాలి కూర్చొని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ అప్పుడే నోటి దగ్గర పెట్టుకున్నాడు. జమాల్ వెనక నుంచి వచ్చి రొట్టె లాక్కున్నాడు. దాన్ని మజ్జిగలో వేసి పిసికాడు.

"అదేంది?" అన్నాడు మౌలాలి.

"పళ్లకు శ్రమ ఎందుకన్నా" అని జమాల్ ఒక ముద్ద అతని నోట్లో కుక్కాడు.

"నాకు పళ్లుండాయి!"

జమాల్ మౌలాలితో మాట్లాడలేదు. పీర్‌సాబ్ వైపు తిరిగి, "పళ్లున్నాయంట. ఈపొద్దు కొంచెం చిరాకుగా ఉన్నాడు" అని చెప్పాడు.

"పాపం" అన్నారు పీర్‌సాబ్.

నలుగురు కలిసి మౌలాలిని ఎత్తారు. ఎత్తడానికి నానా తంటాలు పడ్డారు. ఇద్దరు కాళ్లు, ఇద్దరు చేతులు పట్టుకొని, మధ్యలో ఒకసారి జారవిడిచి, బావి దగ్గరకు మోసుకుపోయారు. వేణ్ణీళ్లు అలవాటున్న మనిషికి బావినీళ్లు కుమ్మరించారు. తుడిచారు. తల మధ్యపాపిడి తీసి దువ్వారు. చివరకు, ఇరవై ఏళ్లుగా పైకి తిరిగి ఉన్న మీసాన్ని నూనె రాసి కిందికి దువ్వారు.

"మీసం జోలికి రావద్దు!" అని అరిచాడు మౌలాలి.

"ఇట్ల ఉంటేనే బాగుంటాది" అని వాళ్లలో వాళ్లు అనుకున్నారు.

వసారాలో మంచం మీద పడుకోబెట్టి మెడదాకా దుప్పటి కప్పారు. కాసేపటికి మౌలాలి, "నేను అట్ల బయటికి పోయి రావల్ల" అన్నాడు.

"ఇప్పుడే కదా పడుకోబెట్టినాం. మధ్యాహ్నం తీసుకుపోతాం" అన్నాడు జమాల్.

తలుచుకుంటే నలుగురినీ నాలుగు దిక్కులకు విసిరేయగలడు మౌలాలి. కానీ ఎదురుగా పీర్‌సాబ్ కూర్చొని పూసలు తిప్పుతున్నారు. ఓర్చుకున్నాడు. ఎంతవరకు ఓర్చుకోగలడో అంతవరకే ఓర్చుకొని, దుప్పటి విసిరేసి గుట్ట వైపు పరుగుతీశాడు.

తిరిగి వచ్చేసరికి పీర్‌సాబ్ ఒక్కరే ఉన్నారు.

"ఏం మౌలాలీ, సేవ కుదరలేదా?"

"అది సేవనా పీర్‌సాబ్! నలుగురికి నాలుగు నోళ్లున్నాయి. ఒక్కడన్నా నన్నొక మాట అడిగినాడా?"

అనేసి, ఆగిపోయాడు.

పీర్‌సాబ్ ఇంకో రొట్టె, ఉల్లిగడ్డ ఉన్న పళ్లెం అతని వైపు జరిపారు. మౌలాలి తినలేదు. బిందె తీసుకొని లేచాడు.

తిప్పమ్మ ఇంటి తలుపు ఇంకా మూసే ఉంది. మెల్లగా తట్టాడు.

"ఎవరది?"

"మౌలాలిని."

"ఇంట్లో ఎవరూ లేరు."

"నేను లోపలికి రాను అవ్వా. నీకేం కావల్లో అడుగుదామని వచ్చినా."

"యాడుండావు?"

"అరుగు మీద కూర్చున్నా."

"చేతులు యాడ పెట్టుకున్నావు?"

మౌలాలి చూసుకున్నాడు. "ఒళ్లో."

"ఆడనే ఉండనీ."

తర్వాత మంచం కిర్రుమంది. ఏదో ఈడ్చిన చప్పుడు. ఆగింది. మళ్లీ ఈడ్చిన చప్పుడు. అంత చిన్న ఇంట్లో అంత దూరం ఉంటుందని మౌలాలికి అంతవరకు తెలియదు. ఉన్నట్టుండి రోకలి దబ్బున పడింది. అతను ఎగిరి లేచాడు.

"నేనే పడేసినా. కూర్చో!" అంది లోపలి నుంచి అవ్వ.

కూర్చున్నాడు. గడియ తీసింది. గడప మీద కూలబడి రొప్పుతూ అతన్ని ఎగాదిగా చూసింది.

"మీసానికి ఏమయింది?"

"సేవ చేసినారు."

తిప్పమ్మ పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక అంది. "నన్ను ఎత్తొద్దు. చెయ్యి ఇయ్యి, చాలు. నేను పట్టుకుంటా. నువ్వు పట్టుకోవద్దు."

ఆ రోజు నుంచి మౌలాలి చెయ్యి చాచి నిలబడటం నేర్చుకున్నాడు. అంత కష్టమైన పని అతను ఎన్నడూ చేయలేదు. ఆమె తూలినప్పుడల్లా అతని రెండో చెయ్యి తనంతట తానే లేచేది. దాన్ని వెనక్కి పెట్టుకొని మొలతాడు పట్టుకొనేవాడు. పది రోజులకు ఆమె గడప దాకా నడిచి వచ్చింది. ఇరవై రోజులకు అరుగు దిగింది.

ఒకరోజు పొద్దున తిప్పమ్మ మంచి చీర కట్టుకొని సిద్ధంగా ఉంది. "ఈపొద్దు వీధిలోకి పోవల్ల" అంది.

మౌలాలికి సంతోషమైంది. "యాడికవ్వా? గుడికా?"

"సాలమ్మ ఇంటికి. నేను మంచాన పడినానని తెలిసి, నా బొంతల కుట్టు నిలవదని ఊరంతా చెప్పిందంట. పోయి తిట్టవల్ల."

"దానికి నువ్వెందుకు? నేను పోయి ఒక మాట చెప్పి వస్తా."

"నువ్వు పోతే అది భయపడతాది. భయపడితే నాకేం లాభం? మాటకు మాట కావల్ల నాకు."

సాలమ్మ ఇల్లు నాలుగో ఇల్లు. అక్కడికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వీధిలో పిల్లలు ఆటలు ఆపి చూశారు. మౌలాలి ఒక చేత్తో గొడుగు పట్టుకున్నాడు, రెండో చెయ్యి ఆమెకిచ్చాడు.

సాలమ్మ వాకిట్లోనే దొరికింది. తిప్పమ్మ మొదలుపెట్టింది. సాలమ్మ తండ్రి కప్పుకున్న బొంత ఎవరు కుట్టారో అక్కడి నుంచి ఎత్తుకుంది. ఆ బొంత మీద పుట్టిన బిడ్డలను పేరుపేరునా లెక్కపెట్టింది. సాలమ్మా తక్కువది కాదు. ఆమె తిట్టిన ఒక్కో మాటకు తిప్పమ్మ వీపు నిటారుగా అవుతూ వచ్చింది. ఎప్పుడు వదిలిందో ఏమో, మౌలాలి చెయ్యి వదిలేసి ఉంది.

చివరికి సాలమ్మే అలసిపోయింది. చాప తెచ్చి పరిచి, "కూర్చో అక్కా. కూర్చొని తిట్టు" అంది.

"నిలబడే తిడతా" అంది తిప్పమ్మ.

సాయంత్రం మౌలాలి తకియాకు వచ్చి పీర్‌సాబ్ ముందు తల వంచుకొని నిలబడ్డాడు.

"పీర్‌సాబ్, ఈరోజు తప్పు చేసినట్టున్నా. అవ్వను ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకుపోతానని మాటిచ్చినా. ఆమె తగాదాకు పోయింది. నేను గొడుగు పట్టినా. ఇది కూడా సేవేనా?"

పీర్‌సాబ్ పూసలు పక్కన పెట్టారు. కొంచెం ముందుకు వంగారు.

"బాగా తిట్టిందా?"

"ఆ వీధిలో అంత తిట్టు ఎవరూ విని ఉండరు."

"కూర్చొనా, నిలబడా?"

"నిలబడే. మొదటి నుంచి చివరి దాకా."

పీర్‌సాబ్ కళ్లు మూసుకొని, దేవుడికి కృతజ్ఞతగా రెండు చేతులూ పైకెత్తారు.

"అల్‌హమ్‌దులిల్లా" అన్నారు.