దళవాయిగారి విషపరీక్ష

ఆ రోజుల్లో రాజులకి శత్రువు కత్తికన్నా సొంత వంటింటి గరిటంటేనే భయం. నాగరాయదుర్గం ఏలే మల్లభూపతిగారి సంగతీ అంతే. పొరుగు రాజెవరో పాయసం తాగి పడిపోయాడని పుకారు రాగానే ఆయనకి ముద్ద దిగడం మానేసింది.

"నా అన్నంలో విషం లేదని పూచీ ఎవరిది?" అన్నారు నిండు సభలో.

"నాది!" అని మీసం దువ్వాడు దళవాయి కొండలరాయుడు. కోట కాపలా అంతా ఆయన చేతిలోనే. తనంత మొనగాడు లేడని ఆయనకి మహా నమ్మకం.

వెంటనే రాజుగారి వంట తిని చూడ్డానికి అయిదుగురిని పెట్టాడు. ఊళ్లోవాళ్లు వాళ్లకి రుచిరాయుళ్లని పేరు పెట్టేశారు. ఒకడు తినాలి. కాసేపాగి, వాడు బతికే ఉన్నాడని తేలాక రెండోవాడు తినాలి. అయిదోవాడు త్రేన్చేసరికి రాజుగారికి మిగిలేది చల్లారిన మెతుకులూ, పేరుకున్న నెయ్యీ! రుచిరాయుళ్ల బుగ్గలు పూరీల్లా పొంగాయి. పాపం, రాజుగారు చిక్కిపోయారు.

"చూశారా ప్రభూ, ఇది మెల్లగా చంపే విషం! ఆ నాంచారమ్మ పనే. కోట దాటించెయ్యాలి" అన్నాడు దళవాయి.

నాంచారమ్మ వంటసాల పెద్ద. రాజుగారి అన్నప్రాశన నాటి నుంచీ ఆవిడ చేతి వంటే. "నా చేత్తో నీకు విషం పెడతానా బాబూ?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రాజుగారు మొహం తిప్పుకున్నారు. భయం అలాంటిది మరి!

కొలువులో సింగన అని ఒక మాటకారి ఉన్నాడు. ఆ ముసలమ్మ ఏడుపు చూడలేక లేచాడు.

"ప్రభూ, వెళ్లగొట్టే ముందు దొంగను సొత్తుతో సహా పట్టుకోవద్దూ? రెండు రోజులు దళవాయిగారే వంటసాలలో కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి. నా బెంగ ఒక్కటే. శత్రువు ముందు గురిపెట్టేది ఇంతటి దళవాయికే కదా! ఆయన ఆకునీ రుచిరాయుళ్లు ముందు పరీక్షించాలి."

"నిజమే, నిజమే" అంటూ ఉబ్బి తబ్బిబ్బయ్యాడు కొండలరాయుడు.

మొదటి రోజు చల్లటి మెతుకులు తిని మీసం దువ్వాడు. రెండో రోజుకి దువ్వే ఓపిక లేదు. ఎదురుగా నాంచారమ్మ ముద్దపప్పు దించుతోంది, నెయ్యి కాస్తోంది. ఆ ఘుమఘుమలకి దళవాయి ప్రాణం గిలగిల్లాడిపోయింది.

సరిగ్గా అప్పుడే సింగన రాజుగారిని వెంటబెట్టుకుని వంటసాల గుమ్మంలోకొచ్చాడు. లోపల రుచిరాయుళ్లు ఒక్కరూ లేరు. కొండలరాయుడు పీట వాల్చుకుని, పొగలు కక్కే అన్నంలో ముద్దపప్పు కలిపి, గోంగూర నంజుకుంటూ లొట్టలేస్తున్నాడు. వడ్డిస్తున్నది నాంచారమ్మే!

"దళవాయీ! విషం పెట్టే మనిషి చేతి అన్నం తింటున్నావేమిటి?" అని గర్జించారు రాజుగారు.

నోటినిండా ముద్ద. సింగనే అందుకున్నాడు.

"కోప్పడకండి ప్రభూ! విషం ఉందేమోనని పరీక్షిస్తున్నారు. అనుమానం తీరక మారు కూడా వడ్డించుకున్నారు!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. చేతి కడియం తీసి సింగనకి తొడిగి, అక్కడే చతికిలపడ్డారు.

"నాకూ ఆకు వెయ్యి తల్లీ, తప్పంతా నాదే. ఆలస్యమైతే ఈయన పరీక్ష అయ్యేసరికి నాకేమీ మిగిలేట్టు లేదు!"

నాంచారమ్మ కళ్లు తుడుచుకుని, ఫక్కున నవ్వి, రాజుగారి అన్నంలో ఇంకో గరిటె నెయ్యి ఒంపింది.